పసుపురంగు మాత్రకి ఐదు స్టార్లు, అమ్మిన షాపుకి రెండు

మిక్సీల మీద, బిర్యానీ పాయింట్ల మీద, ఆఖరికి దోమల బ్యాట్ల మీద కూడా పేజీలకి పేజీలు రివ్యూలు రాస్తారు గానీ రోజూ నోట్లో వేసుకునే మాత్ర గురించి ఎవరూ రాయరు. అందుకని నేను రాస్తున్నా. వస్తువు ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మాత్ర, 5 ఎంజీ. కొన్నది మా కోనసీమలోనే, షాపు పేరు చెప్పను. వాడింది ఎనిమిది నెలలు, రోజుకొకటి, మధ్యలో మర్చిపోయినవి ఓ నాలుగైదు ఉంటాయేమో. కంపెనీ పేరు కూడా రాయడం లేదు, దాచిపెట్టాలని కాదు, ఏ రోజు ఏది దొరికితే అది తెచ్చుకున్నాను, మూడు కంపెనీలవి మారాయి, మూడింటికీ నాకు తేడా ఏమీ కనపడలేదు.

మాత్రకి ఐదుకి ఐదు. షాపుకి రెండు, అది కూడా బేరం లేని టైములో ఆ కుర్రాడు నా మాట కూర్చుని విన్నాడు కాబట్టి. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. అంత ఓపిక లేనివాళ్లు ఈ ఒక్క ముక్క పట్టుకుని వెళ్లిపోండి: ఇది నెల తప్పాక మొదలుపెట్టే మాత్ర కాదు, పిల్లలు కావాలి అనుకున్న రోజున మొదలుపెట్టే మాత్ర.

నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తాను. ఏటా పిల్లలకి కోడి పిండం స్లైడ్లు చూపిస్తాను, 24 గంటలది, 33 గంటలది, 48, 72, 96. వీటిలో 33 గంటల స్లైడంటే నాకు ఇష్టం. మైక్రోస్కోపు కింద పెడితే ముందుముందు మెదడూ వెన్నుపామూ అయ్యే గొట్టం తల వైపు మూసుకుపోయి మెదడు గదులు ఉబ్బుతూ కనపడతాయి, కంటి బుడగలు రెండు పక్కలకీ పొడుచుకొస్తుంటాయి, తోక వైపు మాత్రం గొట్టం ఇంకా తెరుచుకునే ఉంటుంది. ఆ తెరుచుకున్న చోటుని సైనస్ రాంబాయిడాలిస్ అంటాం, రికార్డుల్లో దాని స్పెల్లింగ్ ఒక్కొక్కరు ఒక్కోలా రాసి నా ఎర్ర పెన్ను అరగదీస్తారు. ఇంత చెప్పే నేను పెళ్లయిన కొత్తలో ఒక్క మాత్ర వేసుకోలేదు. ఎవరూ చెప్పలేదు అనడం తేలికే, నిజానికి నాకే తట్టలేదు. పాఠం పాఠమే, ఒళ్లు ఒళ్లే అనుకున్నానేమో.

మొదటిసారి నెల తప్పి ఏడో వారంలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే చీటీలో రాసిన మొదటి మందు ఇదే. శ్రద్ధగా వేసుకున్నాను కూడా. 12వ వారంలో స్కాన్. లింగ నిర్ధారణ చట్టరీత్యా నేరం అనే బోర్డు, ఏసీ చలి, పొట్ట మీద చల్లటి జెల్లు. స్కాన్ చేసే డాక్టరు గారు ఏ ఊరమ్మా, మీవారేం చేస్తారమ్మా అని అడుగుతూ అడుగుతూ ఆగిపోయారు. ప్రోబుని అటు జరిపారు, ఇటు జరిపారు, ఓసారి దగ్గమన్నారు, పక్కకి తిరగమన్నారు. తర్వాత స్క్రీన్ నా వైపు తిప్పారు. రెండు కళ్లున్నాయి, కప్ప కళ్లలా పైకి, వాటి పైన ఏమీ లేదు. "పుర్రె ఎముక ఏర్పడలేదమ్మా" అన్నారు. నాకు వెంటనే బుర్రకెక్కలేదు, దీని ఇంగ్లీషు పేరేంటండీ అని అడిగాను. అనెన్‌సెఫలీ అన్నారు, అంటే మెదడు పైభాగం, పుర్రె ఏర్పడకపోవడం. అప్పుడు అర్థమైంది. ఆ పదం నేను బోర్డు మీద ఎన్నిసార్లు రాసి ఉంటానో.

ఆ తర్వాత వారం గురించి రాయను. ఇంటికొచ్చాక అత్తయ్య పంచాంగం తీసి గ్రహణాలు లెక్కపెట్టారు, గ్రహణం రోజు ఏమైనా కోశావా, బయట తిరిగావా అని. ఆవిడ బాధ ఆవిడది, నేనేమీ అనలేదు. కానీ రాత్రిళ్లు నిద్ర పట్టక నేను కూడా లెక్కపెట్టాను, గ్రహణాలు కాదు, రోజులు.

ఆ రోజుల లెక్క చెప్పాలి. మా తాతయ్య లంక పొగాకు చుట్టలు తనే చుట్టుకునేవాడు. ఆకుని చెమ్మ చేసి తొడ మీద పరిచి, అంచులు లేపి, నడుమ దగ్గర పట్టు దొరికాక అక్కడి నుంచి రెండు కొసల వైపూ బిగించుకుంటూ పోయేవాడు. పిండంలో మెదడూ వెన్నుపామూ అయ్యేది కూడా ముందు అలా పరుచుకున్న ఒక పొరే. మధ్యలో గాడి పడుతుంది, అంచులు లేస్తాయి, ఎదురెదురుగా వచ్చి అంటుకుంటాయి, 22వ రోజు ప్రాంతంలో ముందు మెడ దగ్గర అంటుకుని అటూ ఇటూ సాగుతుంది. పై కొస 25వ రోజు చుట్టుపక్కల మూసుకుంటుంది, కింది కొస 28వ రోజుకి. ఇదే న్యూరల్ ట్యూబ్. పై కొస మూసుకోకపోతే నాకు జరిగింది. కింది కొస మూసుకోకపోతే స్పైనా బైఫిడా, అంటే బిడ్డ వెన్ను తెరుచుకుని పుట్టడం, చాలామందికి కాళ్లు కదలవు, మూత్రం మీద పట్టు ఉండదు. ఈ 28 రోజులూ బిడ్డ కడుపున పడిన రోజు నుంచి లెక్క. క్యాలెండర్ మీద పెట్టి చూడండి, నెలసరి రావాల్సిన తేదీ దాటి రెండు వారాలు, అంతే. అప్పటికి మన వైపు ఎంతమంది కిట్ కొంటారు? పని ఒత్తిడేమో, ఎండలేమో అని ఇంకో వారం చూసే లోపల గొట్టం మూసుకోవడమో మానడమో అయిపోతుంది. నేను ఏడో వారంలో వేసుకున్న మాత్ర ఆ గొట్టానికి సంబంధించి పెళ్లి అయిపోయాక వేసిన పందిరి. వారాలు లెక్కపెట్టేది చివరి నెలసరి నుంచి కాబట్టి ఏడో వారమంటే 35వ రోజు.

తాతయ్యకైతే వేళ్లున్నాయి, లోపల వేళ్లెవరివి అని మా స్టూడెంట్ ఒకడు అడిగాడు, మంచి ప్రశ్న. అక్కడ వేళ్ల పని ఎంజైమ్‌లు చేస్తాయి. పొరలోని ఒక్కో కణం పైఅంచున సన్నటి ప్రోటీన్ దారం చుట్టి ఉంటుంది. లంగా బొందు లాగితే నడుము దగ్గర బట్ట కుచ్చులు పడినట్టు ఆ దారం బిగుసుకుంటే కణం పైన సన్నబడి కింద వెడల్పుగా పుచ్చకాయ ముక్కలా తయారవుతుంది. వరసలో కణాలన్నీ అలా అయితే పొర వంగక ఛస్తుందా. బొందు లాగమని చెప్పేది రో కైనేజ్ అనే ఎంజైమ్, కోడి పిండంలో దాన్ని మందుతో ఆపేస్తే పొర సరిగా వంగదు, గొట్టం మూసుకోదు.

ఇక గొట్టంలో ఏ కణం ఏమవ్వాలో తేల్చే కబుర్లు వేరే. గొట్టం కింద ఉండే నోటోకార్డు అనే సన్నటి కడ్డీ నుంచి సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే ప్రోటీన్ వస్తుంది, ఆ పేరు వీడియో గేమ్ లోదే, సైంటిస్టులకి కూడా సరదాలుంటాయి. ఇది మన కాలవ నీళ్లలాంటిది. తూము పక్కన పొలానికి అందే నీరు వేరు, శివారు పొలానికి అందే నీరు వేరు, పంట దాన్నిబట్టే. ఇక్కడా అంతే, ఎక్కువ అందిన కణం ఒకటవుతుంది, కొంచెం అందింది కండరాలు కదిపే నరం అవుతుంది, ఇంకా తక్కువ అందింది మరొకటి. ఆ కబురు మితిమీరకుండా బ్రేకు వేసే ఎంజైమ్ ప్రోటీన్ కైనేజ్ ఏ. ఎలుకల్లో ఆ బ్రేకు సరిగ్గా పడకపోయినా గొట్టం తెరుచుకునే ఉండిపోతుంది. కాలవకి గండి పడినా నష్టమే, నీరందకపోయినా నష్టమే, శివారు రైతులకి వేరే చెప్పక్కర్లేదు.

మరి మాత్ర ఎక్కడ పనిచేస్తుంది? ఇంత హడావుడిగా గొట్టం కట్టాలంటే కణాలు గబగబా రెట్టింపు కావాలి, ప్రతిసారీ డీఎన్ఏ కాపీ తీయాలి. ఫోలేట్ అనేది ఒక్కొక్క కార్బన్ ముక్కని ఇటు నుంచి అటు మోసే కూలీ, ఆ ముక్క అందకపోతే డీఎన్ఏ అక్షరాల్లో కొన్ని తయారు కావు. మాత్రలో ఉన్న ఫోలిక్ యాసిడ్ ఆ ఫోలేట్‌కి కృత్రిమ రూపం, ఉన్నది ఉన్నట్టుగా పనికిరాదు. డీహెచ్ఎఫ్ఆర్ అనే ఎంజైమ్ దాన్ని పనిలోకి దిగే రూపానికి మారుస్తుంది, తర్వాత ఎంటీహెచ్ఎఫ్ఆర్ అనేది ఇంకో మెట్టు ఎక్కిస్తుంది, ఆ పైన బీ12 తోడుంటేనే నడిచే మరో ఎంజైమ్ ఉంది. ఈ మూడు పేర్లు గుర్తుంచుకోనక్కర్లేదు, రెండోది ఒక్కటి గుర్తుంచుకోండి, షాపులో దాని పేరు చెప్పే నాకు టోపీ పెట్టబోయారు.

దానికి ముందు ఇంకో మాట. ఈ మాత్ర మీద నాకు కాస్త పక్షపాతం ఉంది, రివ్యూ అన్నాక అది దాచకూడదు. 1945లో అమెరికాలో మందుల కంపెనీ లెడర్లీ లేబొరేటరీస్‌లో ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసిన బృందాన్ని నడిపించింది యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో పుట్టింది భీమవరంలో, రాజమండ్రిలో చదివారు. తోడబుట్టినవాడు స్ప్రూ జబ్బుతో పోయాడు, పేగుకి తిండి పట్టకుండా మనిషిని పీల్చేసే జబ్బు. ఆ జబ్బుకి పనికొచ్చే మందుల్లో ఈ ఫోలిక్ యాసిడ్ ఒకటి, అన్నేళ్ల తర్వాత ఆయన ల్యాబు నుంచే వచ్చింది. అసలు ఇలాంటిదొకటి ఉందని పట్టు దొరికింది కూడా మన దేశంలోనే, బొంబాయి మిల్లు కూలీల్లో గర్భిణులకి వచ్చే రక్తహీనత మీద పనిచేస్తూ లూసీ విల్స్ అనే డాక్టరు ఈస్టు సారంతో నయమవుతోందని 1931లో రాసింది. పదేళ్లకి అమెరికాలో 4 టన్నుల పాలకూర వడకట్టి చిటికెడు పదార్థం తీసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాట మీద ఫోలిక్ అని పేరు పెట్టారు.

సుబ్బారావు గారి బృందం రెండో వైపు కూడా చేసింది. ఇందాకటి డీహెచ్ఎఫ్ఆర్ ఎంజైమ్‌ని పట్టుకుని కదలనివ్వని అమినోప్టెరిన్ అనే మందు. దాంతోనే సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు బోస్టన్‌లో పిల్లల బ్లడ్ క్యాన్సర్‌ని కొంతకాలమైనా వెనక్కి నెట్టి 1948లో ప్రకటించాడు. అదే మందు గర్భిణులకి ఇస్తే ఏమవుతుందో 1952లో తెలిసింది, కడుపు పోవడానికని ఇచ్చిన చోట పోకుండా నిలిచిన కొందరు బిడ్డల్లో అవకరాలు కనపడ్డాయి, తల ఎముక సరిగా ఏర్పడకపోవడం వాటిలో ఒకటి. ఇది చదివిన రోజు నేను పుస్తకం మూసేసి కాసేపు పెరట్లోకి వెళ్లి కూర్చున్నాను. ఒకే ల్యాబు, ఒకే ఎంజైమ్, ఒక మాత్ర దానికి మేత, ఇంకో మాత్ర దాని నోటికి చిక్కం.

సరే, షాపు. రెండోసారి ప్రయత్నం చేద్దామనుకున్నప్పుడు వేరే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ మొదటి మాటే "ఎప్పుడనుకుంటున్నారో చెప్పండి, దానికి మూడు నెలల ముందు నుంచి మాత్ర" అన్నారు. చీటీలో ఒక్కటే లైను. అది పట్టుకుని షాపుకి వెళ్తే కౌంటర్లో కుర్రాడు చీటీ చూసి, లోపలికి వెళ్లి, మెరిసే అట్టపెట్టె ఒకటి తెచ్చాడు.

"ఇది పాతకాలం మందు మేడమ్, ఇప్పుడంతా యాక్టివ్ ఫోలేటే. ఒంటికి డైరెక్టుగా పట్టేస్తది."

"చీటీలో అది లేదు కదా బాబూ."

"అదే మేడమ్, దానికంటే మంచిది. మనవాళ్లలో చాలామందికి ఎంటీహెచ్ఎఫ్ఆర్ సరిగ్గా ఉండదంట, వాళ్లకి మామూలుది వేస్టంట."

ఎంటీహెచ్ఎఫ్ఆర్ అనే ఐదు అక్షరాలూ తడబడకుండా పలికాడు, మా ఫైనలియర్ పిల్లలు పలకరు అలాగ, మందుల కంపెనీ రెప్ బాగానే ట్రైనింగ్ ఇచ్చాడు. పెట్టెలో పది మాత్రలు, ఒక్కోటి 1 ఎంజీ. ఆ పెట్టె డబ్బుకి నా పసుపు మాత్రలు మూడు నెలలకి వస్తాయి. పైగా ఓ కరపత్రం, ఆ జీన్ టెస్టు చేయించుకోండి, రక్తం ఇంటికొచ్చి తీసుకుంటాం అని, వేలల్లో రేటు.

అతను చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు, అందుకే ప్రమాదం. ఆ ఎంజైమ్‌లో సీ677టీ అనే మార్పు ఉంటుంది, 1995లో కనిపెట్టారు, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు కాపీలూ అలాంటివే వచ్చినవాళ్లలో ఎంజైమ్ పని బాగా తగ్గుతుంది, గొట్టం లోపాల ముప్పు కొంత పెరుగుతుంది. ఇంతవరకూ నిజం. కానీ అలాంటివాళ్లకి మామూలు ఫోలిక్ యాసిడ్ వేస్టు అన్నది నిజం కాదు, వాళ్లలో కూడా ఇది రక్తంలో ఫోలేట్‌ని పెంచుతుంది, అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ ఇదే మాట గట్టిగా చెబుతుంది. ఆ జీన్ టెస్టు ఊరికే అందరికీ చేయొద్దని అక్కడి జెనెటిక్స్ డాక్టర్ల సంఘం 2013లోనే చెప్పేసింది. ఇంకా ముఖ్యమైనది, గొట్టం లోపాలు తగ్గుతాయని మనుషుల మీద పరీక్ష పెట్టి నిరూపించింది ఫోలిక్ యాసిడ్‌తోనే, మెరిసే పెట్టెలో ఉన్నదానితో కాదు.

ఆ పరీక్ష సంగతి నాకు కంఠతా వచ్చు. బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ఏడు దేశాల్లో 33 చోట్ల చేసింది, 1991లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. అంతకుముందు ఇలాంటి బిడ్డని పోగొట్టుకున్న ఆడవాళ్లే అందరూ, అంటే నాలాంటివాళ్లు. రోజుకి 4 ఎంజీ ఫోలిక్ యాసిడ్ తీసుకున్న 593 మందిలో ఆరుగురికి మళ్లీ అదే జరిగింది, తీసుకోని 602 మందిలో 21 మందికి. లెక్క వేస్తే ముప్పు 72 శాతం తగ్గినట్టు. తేడా తేటతెల్లం కావడంతో పరీక్షని మధ్యలోనే ఆపేశారు. ఏ బాధా ఎరగని మామూలు ఆడవాళ్లలో కూడా పనిచేస్తుందని మరుసటి ఏడాది హంగరీ నుంచి తేల్చారు. నేను ఆరుగురి గురించి కూడా చాలా ఆలోచించాను. వాళ్లు కూడా రోజూ వేసుకున్నవాళ్లే కదా.

ఇదంతా కౌంటరు దగ్గర చెప్పానని కాదు, వెనకాల ఇన్సులిన్ కోసం ఓ పెద్దాయన నిలబడి ఉన్నారు. "చీటీలో రాసిందే ఇవ్వు" అన్నాను. ఇచ్చాడు, కత్తెరతో స్ట్రిప్‌ని అడ్డంగా కోసి. ఎక్స్‌పైరీ, బ్యాచ్ నంబరు ఉన్న ముక్క డబ్బాలో వేసేసుకుని నాకు బోడి ముక్క ఇచ్చాడు, బిల్లు లేదు. మొత్తం స్ట్రిప్ ఇవ్వు అంటే, ఈ మాత్రం సరుకుకి ఇంత రూలా అన్నట్టు చూశాడు. మూడు స్టార్లు అక్కడ పోయాయి.

మాత్ర సంగతికొస్తే, కందిగింజ కంటే కాస్త పెద్దది, పాలిపోయిన పసుపు, వాసన లేదు, రుచి దాదాపు లేదు. నీళ్లతో ఇట్టే దిగిపోతుంది. వాంతులు, కడుపునొప్పి గట్రా నాకేమీ రాలేదు. ఒక నెల మాత్రలు రెండు ప్లేట్ల పెసరట్టు ఉప్మా ఖరీదు ఉండవు. ఒకటే జాగ్రత్త, వెలుతురుకీ చెమ్మకీ ఇది పాడవుతుంది, మా వైపు వానాకాలం సంగతి తెలిసిందే, అప్పడాలు డబ్బాలోనే మెత్తబడిపోతాయి. స్ట్రిప్ నుంచి తీసి సీసాలో పోసుకోవద్దు, పొయ్యి గట్టు మీద పెట్టొద్దు. నేను బీరువాలో గాజుల పెట్టెలో పెట్టుకునేదాన్ని, పొద్దున్నే వాచీ తీసేటప్పుడు కనపడుతుందని.

5 ఎంజీ అందరికీ అక్కర్లేదు, ఇది స్పష్టంగా చెప్పాలి. మామూలుగా చెప్పే మోతాదు రోజుకి 400 మైక్రోగ్రాములు, అంటే ఇందులో పన్నెండో వంతు కూడా కాదు. నాలాగా ముందు జరిగినవాళ్లకి పెద్ద మోతాదు. మన షాపుల్లో అడిగితే ఎక్కువగా చేతికొచ్చేది 5 ఎంజీయే కాబట్టి అందరూ అదే మింగేస్తుంటారు, మీకెంత కావాలో డాక్టరు చేత రాయించుకోండి. మల్టీవిటమిన్లు నాలుగు మింగి లెక్క సరిచేద్దామనే తెలివితేటలు వద్దు, వాటిలో విటమిన్ ఏ పోగుపడితే బిడ్డకే చేటు. బీ12 కూడా చూపించుకోండి, పెద్ద మోతాదు ఫోలిక్ యాసిడ్ రక్తం రిపోర్టుని బాగున్నట్టు చూపిస్తూ లోపల నరాలు దెబ్బతినడాన్ని కప్పేయగలదు. మేం శనివారం తప్పిస్తే చేప లేనిదే ముద్ద దిగని మనుషులం కాబట్టి నాకు బీ12 బాగానే ఉంది, శాకాహారులు మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. షుగర్ ఉన్నవాళ్లు ముందే దాన్ని అదుపులోకి తెచ్చుకోవాలి, అది కూడా గొట్టం మీద దెబ్బ కొడుతుంది. ఫిట్స్‌కి వాల్‌ప్రోయేట్ వాడుతున్నవాళ్లయితే పిల్లల గురించి అనుకోకముందే డాక్టరుతో మాట్లాడండి, ఆ మందుతో ముప్పు పెరుగుతుంది, కానీ మీ అంతట మీరు ఆపేయొద్దు, ఫిట్స్ రావడం ఇంకా ప్రమాదం.

ఆకుకూరలు తింటే చాలదా అని అమ్మ అడిగింది. గోంగూర, తోటకూర, బచ్చలి అన్నిట్లో ఫోలేట్ ఉంటుంది, తినాలి కూడా. కానీ ఉడికించి నీళ్లు వార్చేస్తే సగం సింకులోకి పోతుంది, మిగిలిందాంట్లో కూడా ఒంటికి పట్టేది సగమే అటూ ఇటూ. రేషన్ బియ్యంలో ఈమధ్య కొన్నేళ్లు ఫోలిక్ యాసిడ్, ఇనుము, బీ12 కలిపిన గింజలు వందకి ఒకటి చొప్పున కలిపి ఇచ్చారు, మా వీధిలో సగంమంది వాటిని ప్లాస్టిక్ బియ్యం అని ఏరి కోళ్లకి వేశారు, కోళ్లు అదృష్టవంతులు. ఆ బియ్యంలో ఫోలిక్ యాసిడ్ కిలోకి 75 నుంచి 125 మైక్రోగ్రాములే కాబట్టి దాన్ని నమ్ముకుని మాత్ర మానకూడదు గానీ, అలాంటి బియ్యం చేతికొస్తే పారేయకండి. ఆశా అమ్మాయి గర్భిణులకి ఇచ్చే ఎర్ర మాత్రలో 60 ఎంజీ ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది, నాలుగో నెల నుంచి 180 రోజులు. రక్తానికి చాలా మంచిది, తప్పకుండా వేసుకోండి, కాకపోతే గొట్టం కథ అప్పటికి ముగిసి దాదాపు రెండు నెలలవుతుంది.

రెండోసారి 12వ వారం స్కాన్‌కి వెళ్లినప్పుడు నేను స్క్రీన్ వైపు చూడలేదు, సీలింగులో ఏసీ గొట్టం చుట్టూ చెమ్మ మరక చూస్తూ పడుకున్నాను. అదే డాక్టరు గారు. ఈసారి ఊరు పేరు అడగలేదు. "చూడమ్మా" అన్నారు. తెల్లటి గుండ్రటి గీత, బోర్లించిన గిన్నెలా, ఎక్కడా తెగలేదు. 20వ వారంలో వెన్ను చూపించారు, రెండు వరసల ముత్యాల్లా, కిందికొచ్చేసరికి దగ్గరైపోతూ. చిన్నమెదడు ఆకారం కూడా చూశారు. వెన్ను తెరుచుకుని ఉంటే అది అరటిపండులా వంగుతుందట, తల ముందు భాగం నిమ్మకాయలా కనపడుతుందట, ఆ గుర్తుల పేర్లే బనానా సైన్, లెమన్ సైన్. అరటితోటల మధ్య పుట్టి పెరిగిన నేను కడుపులో అరటిపండు ఉండకూడదని అంతగా మొక్కుకుంటానని ఎప్పుడూ అనుకోలేదు.

మాత్ర వల్లే అంతా బాగుందా అంటే, ఒక్కరి కడుపు చూసి అలా చెప్పలేం, మాత్ర లేకపోయినా రెండోసారి చాలామందికి బాగానే పుడతారు, 602లో 21 మంది పోను మిగతావాళ్లంతా అలాంటివాళ్లే. జువాలజీ చెప్పేదాన్నయి ఉండి ఆ మాట దాటేయలేను. అయినా మూడోసారి అనుకుంటే మళ్లీ ఇదే మాత్ర, ఇంతే ముందు నుంచి. పాపకి ఎనిమిదో నెల, నేను ఇది రాస్తుంటే ఫోన్ ఛార్జరు వైరు నములుతోంది.

మొన్న అదే షాపుకి వెళ్లాను, మిట్టమధ్యాహ్నం, బేరం లేదు. ఫోలిక్ యాసిడ్ స్ట్రిప్ అడిగాను, ఈసారి 5 ఎంజీ కాదు, చిన్న మోతాదుది, మా ఆడపడుచుకి డాక్టరమ్మ రాసిన చీటీతో. కుర్రాడు మెరిసే పెట్టె జోలికి పోలేదు, స్ట్రిప్ కోయకుండా తీసి, అడగకుండానే బిల్లు కొట్టడం మొదలుపెట్టి, పేషెంటు పేరు రాసుకుంటూ అడిగాడు.

"ఎన్నో నెల మేడమ్?"

"పెళ్లి ఇంకా మాఘమాసంలో."